ఫ్లైబైవైరా, ఫెనిక్సా, ఓర్వకల్లు ఏటీఆరా: సిమ్యులేటర్‌లో ఏది మేలు?

ఫ్లైట్ సిమ్యులేటర్‌లోకి యాడ్-ఆన్ విమానం (విడిగా తెచ్చి చేర్చుకునేది) కొనబోయే వాళ్లు ముందు అడిగేది ఒకటే: "కాక్‌పిట్‌లో ఎన్ని బటన్లు పనిచేస్తాయి?" అమ్మేవాళ్లు కూడా దాన్నే గొప్పగా చూపిస్తారు. నన్నడిగితే అది చిట్టచివర అడగాల్సిన ప్రశ్న. బటన్ నొక్కితే లైటు వెలిగేలా చేయడం తేలికే. ఆటోపైలట్‌కు మనం అడ్డదిడ్డంగా ఒక ఎత్తు ఇచ్చినప్పుడు అది అసలు విమానంలాగే తిక్కగా ప్రవర్తిస్తుందా లేదా, దాన్ని బట్టి తేలుతుంది సరుకు.

ఈ మధ్య కర్నూల్లో మా మేనల్లుడు కొత్త కంప్యూటర్ కట్టించుకుని మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ ఎక్కించుకున్నాడు. "మామా, ఓర్వకల్లు నుంచి బెంగళూరుకు తిప్పాల. ఏ విమానం తీసుకోమంటావ్?" అని నా వెంట పడ్డాడు. వాడి ముందున్నవి మూడు. ఉచితంగా దొరికే ఫ్లైబైవైర్ ఏ32ఎన్ఎక్స్, డబ్బు పెట్టి కొనాల్సిన ఫెనిక్స్ ఏ320, మైక్రోసాఫ్ట్ వాళ్లే 2023లో తెచ్చిన, ప్రొపెల్లర్లతో నడిచే ఏటీఆర్ 72-600. సిమ్యులేటర్‌తో పాటు వచ్చే ఏ320 నియో ఎలాగూ ఉంది. 2020లో వచ్చిన మొదటి రకం బొమ్మ బాగుండేదేగానీ, ఫ్లైట్ ప్లాన్ ఇస్తే ఎటు పోతుందో దానికే తెలిసేది కాదు. తర్వాత ఐనీబిల్డ్స్ వాళ్లు చేసిన రెండో రకం చాలా నయం. సరదాగా నాలుగు చక్కర్లు కొట్టేవాళ్లకు అది చాలు. వాళ్లు ఈ వ్యాసం ఇక్కడితో ఆపేసినా నష్టం లేదు.

ముందు దారి సంగతి. ఓర్వకల్లులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరున్న విమానాశ్రయం 2021 మార్చిలో మొదలైంది. రన్‌వే 2,000 మీటర్లు. ఇండిగో ఏటీఆర్లు బెంగళూరు, చెన్నై, విశాఖలకు తిరగడంతోనే దాని కథ మొదలైంది. బెంగళూరు కెంపేగౌడ విమానాశ్రయం నుంచి ఓర్వకల్లుకు మ్యాపు మీద నేరుగా గీత గీస్తే సుమారు 150 నాటికల్ మైళ్లు వస్తుంది. పుట్టపర్తి పక్కగా, తాడిపత్రి మీదుగా, బేతంచెర్ల దాటుకుని దిగుతాం. పదహారు వేల అడుగుల్లో పోతుంటే, వెయ్యి అడుగులకు మూడు మైళ్ల లెక్కన, తాడిపత్రి దాటగానే కిందికి దిగడం మొదలుపెట్టాలి. అంటే ఎక్కడం, దిగడమే తప్ప ఊరికే కూర్చునే సమయం ఈ దారిలో తక్కువ. ఆటోపైలట్ మోడ్లు మారేది ఎక్కేటప్పుడూ దిగేటప్పుడే కాబట్టి పరీక్షించడానికి ఇంతకంటే మంచి దారి దొరకదు.

ఇప్పుడు అసలు పరీక్ష. ఏ320 ఎయిర్‌బస్ వాళ్ల విమానం. ఎయిర్‌బస్‌లో నాబ్ నొక్కితే విమానం తన కంప్యూటర్లో ఉన్న ప్లాన్ ప్రకారం పోతుంది. లాగితే మనం ఇచ్చిన అంకె ప్రకారం పోతుంది. బెంగళూరు నుంచి లేచి, ఎత్తు నాబ్‌లో 16,000 పెట్టి లాగండి. ఓపెన్ క్లైంబ్ మోడ్ వస్తుంది, ఇంజన్లు క్లైంబ్ పవర్‌లో ఉంటాయి, వేగాన్ని ముక్కు ఎత్తుతో సర్దుకుంటుంది. తొమ్మిది వేలు దాటాక అదే నాబ్‌ను 7,000కు తిప్పి వదిలేయండి. లాగొద్దు, నొక్కొద్దు.

తెలియనివాళ్లు విమానం ఏడు వేలకు దిగుతుందనుకుంటారు. దిగదు. అసలు ఏ320 ఓపెన్ క్లైంబ్‌ను వదిలి వర్టికల్ స్పీడ్ (వీ/ఎస్) మోడ్‌లోకి పడిపోతుంది. ఆ క్షణంలో ఎంత రేటుతో ఎక్కుతోందో అదే రేటుతో ఎక్కుతూనే ఉంటుంది. ఎక్కడ ఆగాలో దానికి తెలియదు, ఎందుకంటే ఇచ్చిన ఎత్తు వెనకబడిపోయింది. టక్-టక్-టక్ అని మూడుసార్లు చప్పుడు చేసి ఊరుకుంటుంది. ప్రైమరీ డిస్‌ప్లే పైఅంచున, ఇప్పుడు ఏ మోడ్ నడుస్తోందో చూపించే ఎఫ్ఎంఏ వరుసలో థ్రస్ట్ క్లైంబ్ పోయి స్పీడ్ అనీ, ఓపెన్ క్లైంబ్ పోయి వీ/ఎస్ అనీ మారుతుంది. ఆ వరుస చదివే అలవాటు లేనివాడు ఏమీ మారలేదనుకుంటాడు.

ఫ్లైబైవైర్, ఫెనిక్స్ రెండూ ఈ పరీక్షలో నెగ్గుతాయి. రెంటికీ సిమ్యులేటర్ తనతో ఇచ్చే ఆటోపైలట్ కాకుండా సొంత ఆటోపైలట్ ఉంది. వీ/ఎస్‌లో ఇంజన్లు మోయలేనంత రేటు ఇచ్చి చూడండి. వేగం వీఎల్ఎస్ (విమానం తగ్గనివ్వాల్సిన కనీస వేగం) దాకా కరిగిపోయాక, మనమిచ్చిన రేటును పక్కన పెట్టి వేగం నిలబెట్టుకోవడానికి ముక్కు దించాలి. పైపై పూతతో చేసిన విమానాలు ఇక్కడే దొరికిపోతాయి, ముక్కు పైకెత్తుకుంటూ పోయి, రెక్కలకు గాలి పట్టు తప్పి స్టాల్ అవుతాయి.

ఇంత పట్టుదల దేనికంటారా? 1990 ఫిబ్రవరి 14న బొంబాయి నుంచి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ 605, అప్పటికి కొత్తదైన ఏ320, బెంగళూరు పాత హెచ్ఏఎల్ విమానాశ్రయం ముందు కూలిపోయింది. 146 మందిలో 92 మంది చనిపోయారు. విమానం ఐడిల్ ఓపెన్ డిసెంట్ మోడ్‌లో (ఇంజన్లు కనీస బలంతో ఉండగా దిగే మోడ్) ఉండిపోయిందనీ, వేగం పడిపోతున్న సంగతి పైలట్లు సకాలంలో గుర్తించలేదనీ విచారణలో తేలింది. దిగే రేటుకు ఇవ్వాల్సిన 700ను ఎత్తు నాబ్‌లో పెట్టి ఉంటారన్న అనుమానం కూడా అప్పుడు వచ్చింది. ఎఫ్ఎంఏ వరుస సరిగా పనిచేయని యాడ్-ఆన్ ఎంత అందంగా ఉన్నా నాకెందుకు పనికిరాదో దీన్ని బట్టే తెలుస్తుంది.

మరి ఫ్లైబైవైర్‌కూ ఫెనిక్స్‌కూ తేడా ఎక్కడ? ఆటోపైలట్ వరకు చూస్తే, ఇంట్లో కూర్చుని నడిపేవాడికి తెలిసేంత తేడా లేదు. ఉచితమైనదాన్ని పక్కన పెట్టి ఆటోపైలట్ కోసమే ఫెనిక్స్ కొంటే డబ్బు దండగ. ఫెనిక్స్ గొప్పతనం ఆటోపైలట్ వెనకున్న వ్యవస్థల్లో ఉంది. పూర్తి కాక్‌పిట్లు కట్టుకునేవాళ్లు వాడే ప్రోసిమ్ అనే సాఫ్ట్‌వేర్ దానికి పునాది. సీటు వెనకున్న సర్క్యూట్ బ్రేకర్ లాగితే ఆ తీగ మీద బతికే పరికరమే ఆగిపోతుంది, దాని వెంట రావాల్సిన హెచ్చరికలు వస్తాయి. ఏదో ఒకటి పాడయ్యేలా ముందే ఏర్పాటు చేసుకుని, చెక్‌లిస్టు పట్టుకుని కుస్తీ పట్టేవాళ్లకు అది పండగే. 2022లో సీఎఫ్ఎం ఇంజన్లతో వచ్చింది, తర్వాత ఐఏఈ ఇంజన్లు కూడా కలిపారు. కానీ అది పాత తరం ఏ320. ఇప్పుడు శంషాబాద్‌లో ఇండిగో తోకలు చూస్తే ఎక్కువగా కనిపించేవి కొత్త తరం నియోలు. ఈ రెంటిలో ఆ నియో కావాలంటే లీప్ ఇంజన్ల ఫ్లైబైవైరే దారి.

ఫెనిక్స్‌తో ఇంకో తంటా ఉంది. దాని వ్యవస్థలు సిమ్యులేటర్ లోపల కాకుండా పక్కన వేరే ప్రోగ్రామ్‌గా నడుస్తాయి. ప్రాసెసర్ బలం లేకపోతే బెంగళూరు లాంటి పెద్ద విమానాశ్రయంలో దిగేటప్పుడు, సరిగ్గా చక్రాలు నేలను తాకే వేళకే, తెర మీది బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. సిమ్యులేటర్ 2024కు మైక్రోసాఫ్ట్ సిఫారసు చేసే మెమరీయే 32 జీబీ. ల్యాప్‌టాప్‌లో నడిపేవాళ్లు కర్నూలు మే నెలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. గదిలో ఏసీ లేకుంటే మధ్యాహ్నం పూట ఫ్యాన్ల హోరు విమానం ఇంజన్లను మించిపోతుంది.

ఫ్లైబైవైర్‌లో నాకు నచ్చే చిన్న సంగతి ఒకటి. విమానం ఎటు తిరిగి ఉందో చెప్పే జైరోలు సర్దుకోవడానికి పట్టే సమయాన్ని రియల్, ఫాస్ట్, ఇన్‌స్టంట్ అని ఎంచుకోవచ్చు. మావాడు మొదటిరోజే ఇన్‌స్టంట్ పెట్టేశాడు. వద్దురా అన్నాను. ఆ కొన్ని నిమిషాల్లోనే కదా ఎంసీడీయూలో (విమానం కంప్యూటర్‌కు వివరాలిచ్చే కీప్యాడ్) దారి, బరువు, గాలి వివరాలు ఎక్కించుకునేది. గాలి వివరాలు ఇవ్వకుండా ఎగిరి, దిగేటప్పుడు ఉండాల్సిన ఎత్తు కంటే పైన ఉండిపోయి ఆటోపైలట్‌ను తిట్టేవాళ్లు బోలెడుమంది. వెనక నుంచి వీచే గాలి ఉందని దానికి చెప్పందే అదెలా లెక్కేస్తుంది?

ఇక ఏటీఆర్. దీన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు, నాకైతే ముచ్చటేస్తుంది. ఎయిర్‌బస్ నుంచి దీనికి మారడం ఆటోమేటిక్ బండి దిగి గేర్లబండి ఎక్కినట్టే. ఆటోథ్రస్ట్ లేదు. పవర్ లీవర్లను గాడిలో పెట్టి, పక్కనున్న మీటను టేకాఫ్, క్లైంబ్, క్రూజ్ అని మార్చుకుంటూ పోవాలి. అందుకే ఎక్కేటప్పుడు వేగాన్ని పట్టుకునే ఐఏఎస్ మోడ్ వాడాలి. వీ/ఎస్ పెట్టి తెర వైపు చూడటం మానేస్తే, ఇంజన్ ఇవ్వగలిగింది ఇచ్చేశాక వేగం కరిగిపోతూనే ఉంటుంది. ఎయిర్‌బస్‌లాగా ఇంజన్లను తనే సర్దిపెట్టే నాథుడు లేడు. వానాకాలం మబ్బుల్లో రెక్కలకు మంచు పట్టే ఎత్తుకు పోతే ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి.

నేల మీద కరెంటు ఇచ్చే చిన్న ఇంజన్, ఏపీయూ, కూడా దీనికి లేదు. నేల మీద ఉన్నప్పుడు కుడి ఇంజన్ నడుస్తూనే ఉంటుంది, దాని ప్రొపెల్లర్‌ను మాత్రం బ్రేకు వేసి ఆపుతారు. కరెంటు, చల్లగాలి అక్కడి నుంచే. దీన్నే హోటల్ మోడ్ అంటారు. ప్రయాణికులు ఎడమ వైపు వెనక తలుపు నుంచి ఎక్కేది కూడా దీనికి సరిగ్గా అతుకుతుంది. ఈ ముచ్చట యాడ్-ఆన్‌లో చక్కగా పెట్టారు. ఫ్లైట్ మేనేజ్‌మెంట్ మాత్రం ఎయిర్‌బస్ యాడ్-ఆన్లంత లోతుగా లేదు. దారి మధ్యలో మార్చబోతే ఒక్కోసారి చిరాకు పెడుతుంది. దిగేటప్పుడు దాన్ని నమ్ముకోకుండా, తాడిపత్రి దగ్గర చేత్తో లెక్క కట్టుకుని దిగడమే నయం. ఏటీఆర్ ఫెనిక్స్ కంటే చాలా చవక కూడా.

ఓర్వకల్లుకు ఏ320తో పోవచ్చా అని మావాడు మళ్లీ అడిగాడు. సిమ్యులేటర్‌లో ఎవడొచ్చి ఆపుతాడు! కానీ ఆ దారిలో నిజంగా తిరిగిన విమానం ఏటీఆర్. ఏ320తో తిప్పాలంటే శంషాబాద్-బెంగళూరు పట్టుకో, కర్నూలు కిందే కనిపిస్తుంది అన్నాను.

వాడికి నేను చెప్పిన వరుస ఇది. ముందు ఫ్లైబైవైర్ దించుకో, పైసా ఖర్చు లేదు. ఇంకా పరీక్షల్లో ఉన్న డెవలప్‌మెంట్ రకం జోలికి పోకుండా స్టేబుల్ రకమే ఎక్కించుకో. ఎఫ్ఎంఏ వరుసను చూడకుండానే చెప్పగలిగేదాకా దాంతోనే తిరుగు. ఆ తర్వాత మన ఊరి దారికి ఏటీఆర్ కొను. ఫెనిక్స్ సంగతి ప్రాసెసర్ మార్చినప్పుడు చూద్దాం, అది కూడా బ్రేకర్లు లాగి ఆడుకోవాలన్న కోరిక అప్పటికీ ఉంటేనే. మిగిలిన డబ్బుతో మంచి జాయ్‌స్టిక్, థ్రాటిల్ తీసుకో. ఏటీఆర్ పవర్ లీవర్లను కీబోర్డుతో నడపడం ఎవరి వల్లా కాదు.