పాత అడ్మిషన్ రిజిస్టర్లు: ముందు స్కానింగా, పేర్ల సూచికా?

శతాబ్ది ఉత్సవాలకు సిద్ధమవుతున్న పాఠశాలల వారు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. రెండూ కావలసినవే. కానీ ఉన్నది ఒక్క మనిషి, ఒక్క వేసవి సెలవు అయితే ఏదో ఒకటి ముందు పెట్టుకోక తప్పదు.

స్కానింగ్ పక్షాన గట్టి వాదనే ఉంది. రిజిస్టరుకు మరో ప్రతి ఉండదు. చెదలు పట్టినా, పైకప్పు కారినా ఇక అంతే. అయితే అద్దం మీద బోర్లించే స్కానర్ వద్దు, పాత కుట్టు తెగిపోతుంది. స్టాండుకు ఫోను బిగించి పైనుంచి తీస్తే చాలు.

అయినా నా మొగ్గు సూచిక వైపే. రికార్డుల గదికి ఎవరు వస్తారో చూడండి. ఒకరికి పుట్టిన తేదీ కావాలి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టానికి ముందు పుట్టిన చాలామందికి బడి రిజిస్టరే ఆధారం. ఇంకొకరికి స్థానికత కోసం స్టడీ సర్టిఫికెట్ కావాలి. మరొకరు తాతగారి సంతకం ఉందేమో చూడాలని వస్తారు. వీరిలో ఎవరికీ అడ్మిషన్ నంబరు గుర్తుండదు. రిజిస్టరు నడిచేదేమో ఆ నంబరు వరుసలోనే. వెయ్యి ఫోటోలున్నా సూచిక లేకపోతే ఒక్కొక్కటీ తిరగేయాల్సిందే.

సూచికలో ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, చేరిన సంవత్సరం, అడ్మిషన్ నంబరు, పేజీ ఉంటే చాలు. తండ్రి పేరు మాత్రం వదలకండి. పెళ్లితో ఇంటిపేరు మారిన ఆడవాళ్ల వివరాలు దొరికేది దానితోనే. రిజిస్టరులో ‘సుబ్బారాయుడు’, టీసీలో ‘సుబ్బారావు’ అని ఉంటే రెండూ ఎక్కించాలి, దిద్దే హక్కు మనకు లేదు. టైపు యూనికోడ్‌లోనే, అంటే ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతిలోనే చేయాలి. పాత ఫాంట్లలో చేస్తే రేపు వెతకడం కుదరదు. కులం, పుట్టుమచ్చల గళ్లను సూచికలోకి తేకూడదు. అవి వారి సొంత వివరాలు. పుట్టిన తేదీని ఎప్పుడూ మూల రిజిస్టరు తెరిచి చూసే ఇవ్వాలి.

ముట్టుకుంటే పొడిగా రాలే రిజిస్టరు ఉంటే దానికి ముందు ఫోటోలే. వాటిని చూస్తూ సూచిక రాసుకోవచ్చు.

ల్యామినేషన్ చేయించమంటారా అని కొందరు అడుగుతారు. వద్దు. వేడితో అతుక్కున్న ప్లాస్టిక్‌ను కాగితం చెడకుండా ఊడదీయలేం. పేజీలను చిన్న ఫిల్ము మీదికి తీసి దాచే మైక్రోఫిల్మ్ ఖర్చు బడులు మోయగలిగేది కాదు.

సూచిక అనగానే మొట్టమొదటి రిజిస్టరు తెరవాలనిపిస్తుంది. నేను మాత్రం 1960ల నాటి వాటితో మొదలుపెట్టాను. అప్పుడు చేరిన పిల్లలే ఇప్పుడు పింఛను కాగితాలు పట్టుకుని మా గది మెట్లెక్కుతున్నారు.