‘మీ కొలతలకే కుట్టిస్తాం’ అనే బొటిక్‌లకు ముందే డబ్బు కట్టేయకండి

పొడుగ్గా ఉండే ట్రాన్స్ అమ్మాయిలకి, ఆ మాటకొస్తే అయిదడుగుల ఎనిమిది దాటిన ఆడవాళ్ళెవరికైనా ఈ పోస్టు. ఇన్‌స్టాలో ఆర్డర్లు తీసుకునే ఒక బొటిక్‌లో రెండు అనార్కలీ సెట్లకి 6,400 రూపాయలు ఫోన్‌పేలో కట్టాను. పేరు రాయను. పద్ధతి తెలిస్తే చాలు, మీరే పట్టేస్తారు.

నా ఎత్తు అయిదడుగుల పదకొండు. భుజం 17.5 అంగుళాలు, ఛాతీ 40, నడుము 34. భుజం పట్టే సైజు తీసుకుంటే నడుము దగ్గర గోనెసంచి. నడుముకి సరిపోయేది తీసుకుంటే చెయ్యి పైకి లేవదు. ట్రయల్ రూమ్ బయట చూపుల సంగతి సరే సరి. అందుకే ‘ఏ హైటైనా మీ కొలతలకే’ అన్న రీల్ చూసి పడిపోయాను. పైగా తమ్ముడి పెళ్ళి. చుట్టాలందరి ముందుకీ ఆడపిల్లగా వెళ్ళడం అదే మొదటిసారి, ఆ టెన్షన్‌లో ఎక్కువ ఆలోచించలేదు.

పద్నాలుగు కొలతలు అడిగారు. టేపు పెట్టి ఫోటోలు తీసి మరీ పంపాను. నిలువెత్తు ఫోటో కూడా అడిగితే ఇచ్చేశాను. అది మాత్రం మీరు ఇవ్వకండి. కుట్టడానికి అంకెలు చాలు, మొహం అక్కర్లేదు.

పెళ్ళి అయిదు రోజులుందనగా పార్సిల్ వచ్చింది. వేసుకుంటే భుజం కుట్టు మెడ వైపుకి లాక్కుపోయింది, చేతులు మణికట్టుకి నాలుగంగుళాల పైనే ఆగిపోయాయి, నడుము కుట్టు వచ్చి పక్కటెముకల మీద కూర్చుంది. ఒళ్ళు పొడుగున్న వాళ్ళకి అసలు దెబ్బ ఇక్కడే. కింద ఎంత గుడ్డ వదిలినా, మెడ నుంచి నడుము దాకా ఉండే కొలత మారకపోతే ఆ డ్రెస్ మనది కాదు.

విసుగొచ్చి తిరగేసి చూశాను. బొటిక్ లేబుల్ కింద ఇంకో లేబుల్, దాని మీద ‘ఎక్స్‌ఎక్స్‌ఎల్’. కింద అంచు దగ్గర పాత మడత తాలూకు ఇస్త్రీ గీత, దాని వెంట సూది రంధ్రాలు. అంటే రెడీమేడ్ కొని, అంచు విప్పి రెండంగుళాలు వదిలి, పేరు మార్చి పంపారన్నమాట. నా పద్నాలుగు కొలతల్లో ఒక్కటైనా చూశారో లేదో!

అడిగితే ముందు ‘కస్టమ్ పీస్ మేడమ్, రిటర్న్ ఉండదు’ అన్నారు. లేబుల్ ఫోటో పంపాక ‘మీ బాడీయే అలాంటిది సర్’ అన్నారు. మేడమ్ కాస్తా రెండు మెసేజీల్లో సర్ అయిపోయింది. దానికి ఏడ్చాను, దాచడమెందుకు. ఏడ్చాక 1915కి ఫోన్ చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం అన్యాయ వాణిజ్య పద్ధతి కిందికి వస్తుంది. సరుకులు, సేవల విషయంలో మనపట్ల వివక్ష చూపకూడదని అదే ఏడాది వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం కూడా చెబుతోంది. ఫిర్యాదు నంబరు పంపిన నాలుగో రోజుకి 3,000 వెనక్కి వేశారు. మిగతాది ఇంకా రాలేదు. నా దగ్గర బిల్లు లేదు, చాట్ ఒక్కటే ఉంది. మీరు బిల్లు అడగండి. ఇవ్వనంటే అక్కడితో ఆపేయండి.

ఎవరికైనా ఆర్డర్ ఇచ్చే ముందు ఒక్క ప్రశ్న వేయండి: ‘కటింగ్ అయ్యాక, కుట్టక ముందు, గుడ్డ మీద టేపు పెట్టి భుజం కొలత ఫోటో పంపుతారా?’ నిజంగా కుట్టేవాళ్ళకి అదేం పెద్ద పని కాదు. సగం డబ్బు ఆ ఫోటో వచ్చాకే ఇవ్వండి.

మామూలు టైలర్ దగ్గరికి వెళ్ళినా మనకో చిక్కుంది. ‘ఆది జాకెట్ తెచ్చారా?’ అంటారు. మనకి సరిపోయిన జాకెట్ ఎప్పుడుంది గనక! నేనిప్పుడు చేసిందేమిటంటే, చవక కాటన్ గుడ్డ తడిపి ఆరేసి, ముందు దాంతో ఒకటి కుట్టించుకున్నాను. రెండుసార్లు విప్పించి సరిచేయించాక అదే నా ఆది అయింది. అన్నట్టు, చీరతో వచ్చే బ్లౌజ్ పీస్ చాలాసార్లు 80 సెంటీమీటర్లే ఉంటుంది. మోచేతి దాకా చేతులు కావాలంటే నా భుజాలకి అది చాలలేదు, మ్యాచింగ్ సెంటర్లో మీటరుంపావు కొన్నాను.

పెళ్ళికి అమ్మ పట్టుచీర కట్టుకున్నాను. ఆ అనార్కలీలు రెండూ బీరువాలో ఉన్నాయి. అయిదడుగుల నాలుగంగుళాల వాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, మీ కొలతలకే కుట్టినట్టు ఉంటాయి. కొరియర్ ఖర్చు నాదే.