క్లెయిమ్ వేళ ఏది మేలు: కంపెనీ పంపిన అడ్జస్టరా, మనం పెట్టుకున్న మనిషా?

అగ్నిప్రమాదమో వరదో జరిగాక, నష్టాన్ని లెక్కగట్టడానికి బీమా కంపెనీ లాస్ అడ్జస్టర్‌ను పంపుతుంది. ఆయన మన తరఫు మనిషే అనుకుని మొత్తం ఆయనకే వదిలేసేవాళ్లు కొందరు. డబ్బు ఎగ్గొట్టడానికే వచ్చాడని నోరు విప్పనివాళ్లు కొందరు. ఎలా చూసినా నష్టపోయేది క్లెయిమ్ చేసినవాళ్లే.

ఆయన ఫీజు కంపెనీ ఇస్తుంది, నిజమే. కానీ ఆయన పని మూడు ప్రశ్నలకు ఆధారాలతో జవాబు రాయడం: ప్రమాదానికి కారణమేమిటి, అది పాలసీ కిందికి వస్తుందా, నష్టం ఎంత? చెల్లింపుపై నిర్ణయం మాత్రం కంపెనీదే. అందుకే అడ్జస్టర్‌తో వాదనకు దిగేకన్నా ఆయన నివేదికలోకి ఎక్కాల్సిన బిల్లులు, ఫొటోలు, స్టాక్ లెక్కలు సమయానికి చేతికివ్వడం ఎక్కువ ఫలితమిస్తుంది. ఆయన చూడకముందే శిథిలాలు తీసి పారేస్తే మన సాక్ష్యాన్ని మనమే పోగొట్టుకున్నట్టు. అలాగని నష్టం ఇంకా పెరుగుతుంటే చేతులు కట్టుకు కూర్చోకూడదు. ఫొటోలు తీసి, కంపెనీకి చెప్పి, పైకప్పు మీద టార్పాలిన్ కప్పాల్సిందే.

రెండో దారి, మన ఖర్చుతో సొంత అసెసర్‌ను పెట్టుకోవడం. ఈయన మన పక్షాన క్లెయిమ్ తయారుచేసి బేరమాడతాడు. మనం మరిచిపోయే పద్దులు, అంటే శిథిలాల తొలగింపు ఖర్చు, వ్యాపారం ఆగిన రోజుల ఆదాయ నష్టం లాంటివి, పాలసీలో వెతికి పట్టుకుంటాడు. ఇబ్బందల్లా కమీషన్‌తోనే. వచ్చిన మొత్తంలో 10 శాతం ఆయనకు పోతే, కంపెనీ అసలు ఇవ్వబోయిన 100 మన చేతిలో మిగలాలంటే ఆయన 111కు పైగా రాబట్టాలి. నష్టం చిన్నదై, కారణం స్పష్టంగా ఉన్నప్పుడు అంత తేడా రావడం కష్టం. అలాంటి క్లెయిమ్‌కు సొంత మనిషి అక్కర్లేదని నా అభిప్రాయం. కాగితాలు సరిచూసుకునే ఓపిక ఉంటే చాలు.

ఎంత గట్టి మనిషిని పెట్టుకున్నా మారని లెక్క ఒకటుంది. ఆస్తి విలువ 100 ఉంటే 60కే బీమా చేశామనుకోండి. పాలసీలో యావరేజ్ నిబంధన, అంటే తక్కువ విలువకు బీమా చేస్తే పరిహారాన్నీ అదే నిష్పత్తిలో తగ్గించే షరతు ఉంటే, 30 నష్టానికి వచ్చేది 18 మాత్రమే. చాలామంది అడ్జస్టర్ కోసేశాడని బాధపడేది ఇక్కడే. ఆ కోత పాలసీ తీసుకున్న నాడే పడింది. తరుగుదలా అంతే: పాలసీ కొత్త వస్తువు ధర ఇస్తుందా, పాతదాని విలువ ఇస్తుందా అన్నది పత్రంలో ముందే రాసి ఉంటుంది.

ఫ్యాక్టరీ కాలిపోయినప్పుడు, ఆదాయ నష్టం లెక్కించాల్సి వచ్చినప్పుడు, కారణం మీదే కంపెనీ అభ్యంతరం చెప్పినప్పుడు మాత్రం సొంత అసెసర్‌ను పెట్టుకోవడమే మేలు. అదీ ఆలస్యం చేయకుండా, సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకం పెట్టకముందే. ఆయనకిచ్చే శాతం మొత్తం క్లెయిమ్ మీదా, కంపెనీ మొదట ఇస్తానన్నదానికి పైన వచ్చిన దాని మీదేనా అన్నది ఒప్పందంలో స్పష్టంగా రాయించుకోండి.