పర్లాకిమిడిలో మా అమ్మాయి బడి, తల్లిదండ్రుల సంఘం: అయిదుకు రెండు మార్కులు

చదువుకు వంక పెట్టను. మూడో తరగతి పిల్ల ఒడియా, తెలుగు రెండూ తడుముకోకుండా చదువుతోంది. గొడవంతా తల్లిదండ్రుల సంఘంతోనే. సభ్యత్వానికి 300 రూపాయలు కట్టించుకున్నారు, రసీదు ఇవ్వలేదు. లెక్కల పుస్తకం అడిగితే బీరువా తాళం ఇంట్లో మరిచిపోయానన్నారు కార్యదర్శి గారు. మూడు సమావేశాలుగా అదే తాళం! ఒడియాలో రాసిన తీర్మానాలను చదివి వినిపించకుండానే సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. మొత్తం మీద సగం మంది మహిళలు. ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు బడికి ఆ నియమం వర్తించదు. మాది అలాంటిదే. అయినా, రసీదు రాయడానికి చట్టమెందుకు?

సమోసాలు మాత్రం వేడిగా ఉన్నాయి. ఆ రెండు మార్కుల్లో ఒకటి వాటిదే.