నెలాఖరు పరుగా, రోజువారీ బీటా: ఏది మేలు?

గుంటూరులో ఒక బిస్కెట్ల డిస్ట్రిబ్యూటర్ దగ్గర నాలుగేళ్లు సూపర్‌వైజర్‌గా చేశాను. 20వ తారీఖు దాకా అంతా నింపాదిగా నడిచేది. ఆ తర్వాత ఫోన్ల మోత. టార్గెట్‌లో సగం చివరి వారంలోనే పడేది. సేల్స్ అంటే అదేననుకునేవాళ్లం.

ఆ పరుగు ఉత్త దండగ అనను. సంక్రాంతి ముందు, కొత్త సరుకు దింపేటప్పుడు ఆ ఊపు కావాలి. చిక్కంతా ఒకటో తారీఖున మొదలవుతుంది. ఓసారి కొత్తపేటలో ఒక కొట్టుకెళ్తే, ఆయన కాలితో ఒక అట్టపెట్టెను ముందుకు తోశాడు. "మొన్న 30న మీవాడు బతిమాలి దింపిపోయాడు సార్. ఇంకా టేపు కూడా తియ్యలేదు. ఇవాళ దీనిమీదే కూర్చుని మళ్లీ ఆర్డర్ అడుగుతున్నాడు!" ఆ పెట్టె తర్వాత ఎక్స్‌పైరీ రిటర్న్ కింద మా గోడౌన్‌కే వచ్చింది.

ఇంకో నష్టం ఉంది, బయటికి కనపడదు. నెలాఖరులో స్కీమ్, అంటే ఎక్కువ ఎత్తితే ఇచ్చే తగ్గింపు, వదులుతామని పట్నంబజారు హోల్‌సేలర్లకు తెలిసిపోయింది. అప్పటిదాకా ఆగి, ఒక్కసారిగా ఎత్తుకుని, అదే సరుకును చిన్న కొట్లకు మనకంటే తక్కువకు అమ్మేవారు. మన స్కీమ్‌తో మన సేల్స్‌మన్‌కే పోటీ.

రెండో దారి బీట్, అంటే ఏ రోజు ఏ కొట్లకు వెళ్లాలో ముందే ఖాయం చేసుకున్న రూటు. ఒక్కో మనిషికి వారానికి ఆరు బీట్లు, రోజుకు 40 కొట్లు. సోమవారం బ్రాడీపేట అంటే ప్రతి సోమవారం బ్రాడీపేటే. నాలుగు వారాలు తప్పకుండా వెళ్తే కొట్టాయన ఏం అయిపోయిందో చూసి ఉంచుతాడు, పాత బిల్లు డబ్బులూ తీసి పెడతాడు. వసూలు ఇంత తేలికవుతుందని నేను అనుకోలేదు.

లెక్క చూడండి. 40 కొట్లలో 20కి బదులు 24 బిల్లులయ్యాయనుకుందాం. బిల్లు 800 రూపాయలైతే, 25 పనిదినాలకు 80,000 అదనం. అదీ ఒక్క సేల్స్‌మన్ మీదే.

మరి బీట్‌లో లొసుగు లేదా? ఉంది. ఎన్ని కొట్లు తిరిగితే అంత ఇన్సెంటివ్ అన్నామో, కుర్రాళ్లు బండి దిగకుండానే కొట్టు ముందు ఆగి, యాప్‌లో 'ఆర్డర్ లేదు' నొక్కేసి పోతారు. జీపీఎస్ లెక్కలో అది పక్కా విజిట్! అందుకే తిరిగిన కొట్లు కాదు, నెలలో ఎన్ని వేర్వేరు కొట్లకు బిల్లు పడింది, బిల్లుకు ఎన్ని రకాలు వెళ్లాయి అన్నది చూడాలి. ఇన్సెంటివ్‌లో సగం దీనికి, సగం టార్గెట్‌కి. వారానికి రెండు రోజులు సూపర్‌వైజర్ వెనక సీట్లో కూర్చుని వెళ్లాలి. ఆర్డర్ తను లాక్కోకూడదు. కుర్రాడు అరలో సరుకు చూశాకే నోరు విప్పుతున్నాడా, అంతే గమనించాలి.

ఒక్క సేల్స్‌మన్, యాభై కొట్లు ఉన్న చిన్న వ్యాపారానికి ఇంత తతంగం అక్కర్లేదు. అంతకు మించితే నా ఓటు బీట్‌కే.

మారిన మొదటి రెండు నెలలు సేల్ పడిపోతుంది. ముందు దింపిన సరుకు కొట్లలో తెమలాలి కదా. కంపెనీవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి, పండగల్లేని నెల చూసి మొదలుపెట్టండి. మేం చెప్పలేదు. రెండో నెల 25వ తారీఖుకల్లా మా ఓనరుగారికి టెన్షన్ పట్టుకుంది, "ఈసారికి హోల్‌సేల్‌కి రెండొందల పెట్టెలు దింపేద్దాం" అన్నారు. దింపేశాం. మళ్లీ మొదటికి వచ్చి, ఇంకో ఆర్నెల్లకు గానీ బీట్ జోలికి పోలేకపోయాం.