ఇంట్లో ల్యాప్‌టాపా, సాలిగ్రామంలో అద్దె ఎడిట్ రూమా? చిన్న సినిమాకి ఏది మేలు?

షూటింగ్ ముగిసింది. తొంభై నిమిషాల సినిమా అనుకుని తీశారు, ముప్పై గంటల ఫుటేజీ తేలింది. ఉండేది చెన్నైలో, వేళచ్చేరిలోనో ఓఎంఆర్ పక్కనో. ఉద్యోగం ఉంది, శని ఆదివారాలే ఖాళీ. ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ మీదే కట్ చేసుకోవాలా, లేక సాలిగ్రామం, వడపళని సందుల్లో గంటలకో రోజులకో అద్దెకి దొరికే ఎడిట్ రూము పట్టుకోవాలా? చెన్నైలో ఉండి చిన్న సినిమా తీసే తెలుగువాళ్లకి ఎదురయ్యే ప్రశ్న ఇది. మా మాట ముందే చెప్పేస్తాం: బొమ్మ కట్టింగ్ ఇంట్లో, రంగూ శబ్దమూ బయట. ఎందుకో ఇక చూద్దాం.

ఫిల్మ్ రోజుల్లో ఈ ప్రశ్నే లేదు. 35 ఎం.ఎం. ఫిల్మ్ సెకనుకి 24 ఫ్రేముల చొప్పున నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. వెయ్యి అడుగుల రోలు పదకొండు నిమిషాలకే ఖాళీ. ఈ ముప్పై గంటలు ఫిల్మ్ మీద తీసి ఉంటే 1,62,000 అడుగుల నెగటివ్ అయ్యేది. దాన్ని కడిగించాలి, కట్ చేసుకోడానికి రష్ ప్రింట్ వేయించాలి, మూవియోలా, స్టీన్‌బెక్ లాంటి ఎడిటింగ్ యంత్రాల మీద ఎక్కించాలి. ఒక షాట్ ఇంకో షాట్‌లోకి కరిగిపోయే డిజాల్వ్ కావాలన్నా ల్యాబులో ఆప్టికల్ ప్రింటింగ్ చేయించి ఎదురుచూడాలి. నెగటివ్ కత్తిరించాక మనసు మార్చుకునే వీల్లేదు. తెలుగు సినిమా హైదరాబాదుకి తరలేదాకా మన కత్తెర పని చాలావరకు ఈ కోడంబాక్కం, వడపళని చుట్టుపక్కలే జరిగింది. 1989లో అవిడ్ ఎడిటింగ్ వ్యవస్థ వచ్చి కత్తెరని కంప్యూటర్‌లోకి తెచ్చింది. 1999లో ఫైనల్ కట్ ప్రో సాఫ్ట్‌వేర్ వచ్చాక అది మామూలు మనిషి బల్ల మీదికి చేరింది. పెద్ద ల్యాబులకే అందే డావిన్చీ రంగుల యంత్రాన్ని 2009లో బ్లాక్‌మ్యాజిక్ సంస్థ కొని, తర్వాత ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌గా మార్చింది. ఇక్కణ్నుంచి మేం రిజాల్వ్ అనేది దాన్నే, కట్టింగ్ కూడా అందులోనే చేసుకోవచ్చు.

ఇంత మారినా మారనిది ఒకటుంది. ముప్పై గంటల ఫుటేజీ చూడటానికి ముప్పై గంటలు పడుతుంది. రోజుకి ఆరు గంటలు కూర్చున్నా అయిదు రోజులు చూడటానికే పోతాయి. విడిగా రికార్డు చేసిన శబ్దాన్ని సింక్ చేయడం, ఓకే టేకులూ పనికిరాని ఎన్‌జీలూ విడదీయడం, సీన్ల వారీ బిన్నులు (ఫోల్డర్లు) కట్టడం మరో రెండు మూడు రోజులు. ఇదంతా అద్దె రూములో చేస్తే మొదటి కట్ పడకముందే డబ్బులో పెద్ద ముక్క కరిగిపోతుంది. ఇంటివైపు మొగ్గడానికి మాకున్న అతి బలమైన కారణం ఇదే.

ఇంట్లో చేస్తే ఏం కావాలి

ముందు డిస్కు లెక్క. సెకనుకి 100 మెగాబిట్ల దగ్గర 4కే రికార్డు చేసే కెమెరా గంటకి 45 జీబీ రాస్తుంది. ముప్పై గంటలకి 1,350 జీబీ. అంటే 2 టీబీ డిస్కులు కనీసం రెండు, ఒకేలాంటి కాపీలతో. మూడోది వేరే ఇంట్లో ఉంటే ఇంకా మంచిది. మామూలు పోర్టబుల్ హార్డ్ డిస్కు సెకనుకి 120 మెగాబైట్ల దగ్గర నడుస్తుంది కాబట్టి ఒక్కో కాపీకి మూడు గంటలకి పైనే పడుతుంది. లాగి పడేసి కాపీ చేయకండి. రిజాల్వ్ మీడియా పేజీలో క్లోన్ టూల్ ఉంది, అది చెక్‌సమ్ (రెండు కాపీలూ ఒకటేనని తేల్చే లెక్క) సరిచూసి మరీ రాస్తుంది. డిస్కులూ కార్డులూ ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో కొన్నా ఆన్‌లైన్‌లో కొన్నా, వాడకముందు ఒకసారి నిండా రాసి చదివించి చూడండి. పైన రాసిన సైజు ఒకటి, లోపల ఉన్నది ఒకటి అయిన నకిలీ కార్డు నిండేదాకా బాగానే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది.

రెండోది ప్రాక్సీలు, అంటే కట్టింగ్ కోసం అసలు ఫుటేజీకి చేసుకునే తేలిక నకళ్లు. ల్యాప్‌టాప్ చిన్నది కాబట్టి ఆగుతోంది అనుకుంటారు చాలామంది. తప్పు దానిది మాత్రమే కాదు. చాలా కెమెరాలు కుదించి రాసే హెచ్.264, హెచ్.265 ఫైళ్లలో పూర్తి ఫ్రేము ఎక్కడో ఒకటి ఉంటుంది, మధ్యవన్నీ ముందువెనకల ఫ్రేములతో తేడాలే. మీరు ఒక్క ఫ్రేము వెనక్కి జరిగినా యంత్రం ఆ పూర్తి ఫ్రేము దగ్గరికి వెళ్లి అక్కణ్నుంచి లెక్క కట్టుకుంటూ రావాలి. కట్టింగ్ అంటే రోజంతా ఇలా ముందుకీ వెనక్కీ జరగడమే. అందుకే 1080 సైజులో, ప్రతి ఫ్రేమూ పూర్తిగా ఉండే ప్రోరెస్ ప్రాక్సీ ఫార్మాట్‌లో నకళ్లు చేసుకోండి, గంటకి సుమారు 16 జీబీ, మొత్తం 480 జీబీ. ఒక చిన్న ఎస్‌ఎస్‌డీలో సరిపోతుంది. రిజాల్వ్‌లో క్లిప్పులు ఎంచుకుని జనరేట్ ప్రాక్సీ మీడియా అనండి, రాత్రికి వదిలేయండి. అడోబీ ప్రీమియర్‌లో చేస్తుంటే ఒక సంగతి: అసలు క్లిప్పులో ఎన్ని ఆడియో ఛానళ్లున్నాయో ప్రాక్సీలోనూ అన్నే ఉండాలి, లేకపోతే అతుక్కోదు.

ర్యామ్ 16 జీబీ కనీసం, 32 ఉంటే హాయి. రిజాల్వ్‌కి గ్రాఫిక్స్ కార్డులో 8 జీబీ ఉండటం మేలు, 4 జీబీతో 4కే టైమ్‌లైన్ మీద రంగు సరిచేయడం మొదలెట్టగానే ఆ కార్డు (జీపీయూ) మెమరీ నిండిందని ఆగిపోవచ్చు. చెన్నై వేసవిలో ఏసీ లేని గదిలో ల్యాప్‌టాప్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది, కాబట్టి పొడుగు రెండర్లు తెల్లవారుజామున పెట్టండి, కింద స్టాండు పెట్టి గాలి ఆడనివ్వండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ తప్పనిసరి.

పని మొదలెట్టే రోజే తేల్చుకోవాల్సింది ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకి ఎన్ని ఫ్రేములో. చాలా కెమెరాల మెనూలో 24 అని కనిపించేది నిజానికి 23.976. థియేటర్‌కి వెళ్లే డిజిటల్ ప్రింటు, అంటే డీసీపీ, మామూలుగా సరిగ్గా 24. తేడా వెయ్యింట ఒకటే, కానీ తొంభై నిమిషాలకి అది అయిదున్నర సెకన్ల దాకా పేరుకుంటుంది. ఒక రేటు ఎంచుకుని కెమెరామన్‌కీ సౌండ్ రికార్డిస్టుకీ రాసి ఇవ్వండి. రిజాల్వ్ ప్రాజెక్టులో మీడియా లోపలికి వచ్చాక ఆ సెట్టింగు మారదు. ఫోనుతో తీసిన షాట్లు కలుస్తుంటే మరీ జాగ్రత్త. ఫోన్లలో మామూలు కెమెరా యాప్ ఫ్రేమ్ రేటుని వెలుతురుని బట్టి మార్చుకుంటుంది, పొడవైన టేకులో మాట మెల్లగా పెదవుల్ని దాటిపోతుంది. అలాంటివాటిని హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేసి స్థిరమైన రేటుకి మార్చాకే టైమ్‌లైన్ మీదికి తీసుకోండి.

అద్దె రూము ఇచ్చేది

రూములో మంచి యంత్రం, ఏసీ, కరెంటు బ్యాకప్ ఉంటాయి. అంతకన్నా విలువైనది పక్కన కూర్చునే ఎడిటర్. పది సినిమాలు కట్ చేసిన మనిషి మీ మూడో సీను ఎందుకు సాగుతోందో పది నిమిషాల్లో పట్టేస్తాడు. ఇంట్లో ఒక్కరే కూర్చుంటే అదే సీనుని నెలరోజులు అటూ ఇటూ జరుపుతారు. ఫిల్మ్ రోజుల్లో ఖర్చే ఆ పని ఆపేది, ఇప్పుడు మనమే ఆపుకోవాలి.

అయితే తెలుగు సినిమాకి ఇక్కడొక చిక్కుంది. ఎడిటర్ తమిళుడైతే కథ అర్థమవుతుంది, నటన అర్థమవుతుంది, యాస మాత్రం అందకపోవచ్చు. 'వచ్చావా' అన్న ఒక్క మాట మూడు టేకుల్లో ఉందనుకోండి. ఒకదాంట్లో అది ప్రశ్న, ఒకదాంట్లో ఎత్తిపొడుపు, ఇంకోదాంట్లో అమ్మయ్య అన్న ఊరట. శబ్దాన్ని గీతగా చూపే వేవ్‌ఫామ్‌లో మూడూ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. శ్రీకాకుళం మాటలో చివరి అచ్చు సాగితే అది మాటలో భాగం, దాన్ని విరామం అనుకుని కత్తిరిస్తే ఆ పాత్ర ఊరే మారిపోతుంది. అంటే ప్రతి డైలాగు సీనుకీ డైరెక్టరో, తెలుగు వచ్చిన అసిస్టెంటో పక్కన ఉండాల్సిందే. శని ఆదివారాలే ఖాళీ ఉన్న మనిషికి అది నెలల పని. కాబట్టి టేకుల ఎంపిక, రఫ్ కట్ ఇంట్లో మీరే చేసుకుని, ఎడిటర్‌ని నాలుగైదు రోజులు కుదుర్చుకుని దానికి మెరుగుపెట్టే ఫైన్ కట్‌కి కూర్చోబెట్టడం మాకు తోచిన మంచి దారి. అతని కళ్లు మీ సినిమాని తొలిసారి చూడటం ఒక్కసారే జరుగుతుంది. దాన్ని ముప్పై గంటల రష్ మీద ఖర్చుపెట్టకండి.

రూముకి వెళ్లేముందు వెర్షను అడగండి. కొత్త రిజాల్వ్‌లో సేవ్ చేసిన ప్రాజెక్టు పాతదాంట్లో తెరుచుకోదు. సినిమా సగంలో ఉండగా అప్‌డేట్ చేయకపోవడమే నయం. ఇంకో పొరపాటు తరచూ జరుగుతుంది. ఫుటేజీ ఫోల్డరు మొత్తం డిస్కులో ఎక్కించుకుని వెళ్తారు, అక్కడ చూస్తే మీరు వేసిన కట్లన్నీ ఉండే ప్రాజెక్టే ఉండదు. ప్రీమియర్ ప్రాజెక్టు ఒక ఫైలు, ఫోల్డరులోనే ఉంటుంది. రిజాల్వ్ మాత్రం దాన్ని తన డేటాబేసులో దాచుకుంటుంది, విడిగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. రోజూ పని అయ్యాక ఆ ఫైలొకటి తీసి మీ మెయిల్‌కే పంపుకోండి, చిన్నదే.

సాఫ్ట్‌వేర్ విషయంలో ఎక్కువ మథనపడక్కర్లేదు. రిజాల్వ్ ఉచిత వెర్షను 3840 బై 2160 దాకా ఎక్స్‌పోర్ట్ ఇస్తుంది, చిన్న సినిమాకి చాలు. నాయిస్ తగ్గించే పనిముట్లు కావాలంటే 295 డాలర్ల స్టూడియో వెర్షను, ఒక్కసారి కొంటే సరి. ప్రీమియర్ చందా ఆగితే మీ ప్రాజెక్టు మీకే తెరుచుకోదు. ఏడాది పట్టే సినిమాకి ఇది చిన్న సంగతి కాదు. టైటిళ్ల దగ్గర మాత్రం తెలుగు పెట్టి పరీక్షించండి: 'స్త్రీ', 'క్షేత్రం', 'కృష్ణ', 'రాష్ట్రం' అని టైపు చేసి ఒత్తులు విడిపోతున్నాయేమో చూడండి. ప్రీమియర్‌లో గ్రాఫిక్స్ సెట్టింగుల్లో టెక్స్ట్ ఇంజిన్‌ని సౌత్ ఏషియన్‌కి మార్చాలి. ఎక్కడా కుదరకపోతే టైటిల్‌ని బయట చేసి, వెనక ఖాళీగా ఉండే పీఎన్‌జీ బొమ్మగా తెచ్చుకోండి. పేరు తప్పుగా పడితే తెరమీద శాశ్వతంగా ఉండిపోతుంది.

డబ్బు ఎక్కడ పెట్టాలి

ఇంట్లో మిగిల్చిన అద్దెని రంగుకీ మిక్సింగుకీ పెట్టండి. ఇక్కడ ఇల్లు ఓడిపోతుంది. థియేటర్ తెర మీద తెలుపు 48 నిట్లకి (నిట్ అంటే వెలుగు కొలత) సర్ది ఉంటుంది. మీ ల్యాప్‌టాప్ తెర 250, 300 నిట్లతో వెలుగుతుంది, అదీ ట్యూబులైటు కింద. రాత్రి సీనులో గోడ పక్కన నిలబడ్డ మనిషి ముఖం ఇంట్లో స్పష్టంగానే కనిపిస్తుంది. హాల్లో చీకటి, తెర మసక, ఆ ముఖం గోడలో కలిసిపోతుంది. దీన్ని ఊహించి సరిచేయలేం, వెలుగూ రంగూ సరిగ్గా సర్దిన మానిటర్ మీదో ప్రొజెక్టర్ మీదో చూడాల్సిందే. మొత్తం డీఐ (స్టూడియోలో చేసే రంగుల పని) చేయించే స్తోమత లేకపోతే ఇంట్లో రంగు చేసుకుని, ఒక్క రోజు డీఐ థియేటర్ తీసుకుని రాత్రి సీన్లన్నీ చూసి సరిచేసుకోండి. అక్కడికి ప్రాక్సీలు కాదు, అసలు ఫుటేజీ తీసుకెళ్లాలి. ప్రాక్సీలతోనే ఫైనల్ అవుట్ తీసేసి బొమ్మ మెత్తగా వచ్చిందని కెమెరామన్‌ని అనడం చాలాచోట్ల జరిగేదే.

శబ్దం ఇంకా కఠినం. హెడ్‌ఫోన్లలో సరిగ్గా కుదిరిన నేపథ్య సంగీతం హాల్లో డైలాగుని మింగేస్తుంది. థియేటర్లో చుట్టూ ఉన్న స్పీకర్ల కోసం చేసే 5.1 మిక్సు సరైన గది లేకుండా కాదు. చెన్నైలో మిక్సింగ్ థియేటర్లూ డబ్బింగ్ థియేటర్లూ దగ్గరదగ్గరగా ఉండటం ఈ ఊళ్లో ఉన్న పెద్ద సదుపాయం. యూట్యూబ్‌కి మాత్రమే అయితే స్టీరియో మిక్సు ఇంట్లో చేసుకోవచ్చు.

ఎప్పుడు మా మాట చెల్లదు? ఫెస్టివల్ గడువు నెలలో ఉంటే ఇల్లు మానేసి రూముకి వెళ్లండి. నిడివి పది నిమిషాల లోపైతే రెండు రోజుల రూము అద్దె ఒక కొత్త ల్యాప్‌టాప్ కన్నా నయం. మీ ఎడిటర్ హైదరాబాదులో ఉంటే ఇంకో దారి ఉంది: 720లో సెకనుకి 5 మెగాబిట్ల ప్రాక్సీలు చేస్తే ముప్పై గంటలూ 68 జీబీ దగ్గర తేలతాయి, 50 మెగాబిట్ల అప్‌లోడ్ ఉంటే మూడు గంటల్లో చేరతాయి. అసలు ఫుటేజీ పంపబోతే రెండున్నర రోజులు. ఆపైన రోజూ అటూ ఇటూ తిరిగేది ప్రాజెక్టు ఫైలు మాత్రమే. క్లిప్పుల పేర్లు ఇద్దరి దగ్గరా ఒక్కటే ఉండాలి, ఎవరూ మార్చకూడదు.

మిక్సింగుకి ఇచ్చేటప్పుడు ఆడియో ముక్కల అమరికని మోసే ఏఏఎఫ్ ఫైలుతో పాటు బొమ్మ ఫైలు, ప్రతి ఆడియో ముక్కకీ రెండు వైపులా రెండు మూడు సెకన్ల అదనపు నిడివి, బొమ్మ మొదలవడానికి సరిగ్గా రెండు సెకన్ల ముందు ఒక ఫ్రేము బీప్ ఉండాలి. డీసీపీ తయారయ్యాక హాల్లో మొదటి నిమిషం చూసి వచ్చేయకండి, చివరి రీలులో మాటలున్న సీను చూడండి. మాటకీ పెదవులకీ మొదటినుంచీ ఒకే మాత్రం తప్పుతుంటే మిక్స్ ఫైలు జరిగింది, బీప్ దగ్గర సరిచేస్తే పోతుంది. మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోను తప్పుతుంటే అది ఫ్రేమ్ రేటు, జరిపితే పోదు, మళ్లీ 24కి కట్టించాల్సిందే.