బరోలో ద్రాక్షతోటల్లో మూడు రోజులు, మా మామతో

అక్టోబర్‌లో అత్తామామలు మేడ్చల్ నుంచి మిలాన్‌లో మా ఇంటికొచ్చారు. వెనిస్, రోమ్ చూపించాం గానీ మామది ఒకటే పట్టు, "ఈడ ద్రాక్షతోటలు మస్తుంటయంట, ఒక్కటన్న చూపెట్టు అల్లుడా" అని. ఆయనకి ఒకప్పుడు మూడెకరాల అనాబేషాహీ ద్రాక్షతోట ఉండేది, ఇప్పుడక్కడ విల్లాలు లేచాయి, ఆ కథ కదిపితే రాత్రంతా పడుతుంది. సరే అని కారు రెంట్‌కి తీసుకుని పీడ్‌మాంట్ ప్రాంతంలో, అదే పేరున్న రెడ్ వైన్‌కి ఫేమస్ అయిన బరోలో ఊరికి వెళ్లాం, రెండు గంటల దారి.

ఉండటానికి మేం ఆల్బా టౌన్ వద్దనుకుని లా మోర్రా అనే ఊరి పక్కన ఒక రైతు ఇంట్లో రూములు తీసుకున్నాం. పొద్దున కిటికీ తీస్తే కింద లోయంతా పొగమంచు, కొండ కొసలు మాత్రమే పైకి కనిపిస్తాయి, దానికే డబ్బులు గిట్టేశాయి. హేజల్‌నట్ కేకు కూడా సూపర్. కానీ రూములో కెటిల్ లేదు, అత్తమ్మ టీ కోసం రోజూ కిందకి దిగాల్సి వచ్చింది, రాత్రి ఎనిమిది దాటితే తిండికి కారు తీయాల్సిందే. వెజిటేరియన్లు జాగ్రత్త, ఇక్కడి ఫేమస్ ఆన్యొలొత్తి పాస్తా లోపల మాంసం ఉంటుంది, గుడ్డు తింటే మాత్రం బటర్ వేసిన తయరీన్ (గుడ్డుతో చేసే సన్నటి పాస్తా) హాయిగా లాగించొచ్చు.

అసలు ట్రిప్ అంటే వెర్న్యే ఊళ్లో జి.డి. వైరా వైన్ ఎస్టేట్. 1972లో ఆల్డో వైరా మొదలుపెట్టారు, ఇప్పుడు పిల్లలు కూడా అందులోనే. స్పెల్లింగ్‌లో ఐ బదులు జె ఉంటుంది, మామ బోర్డు చూసి "వజ్ర" అని చదివి, మనోళ్లదేనా అన్నాడు. ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, ఊరికే వెళ్లి నిలబడితే కుదరదు. వైన్ పీపాలుండే సెల్లార్‌కి చర్చిలో లాగా రంగురంగుల గాజు కిటికీలున్నాయి, ఆ వెలుగులో పీపాలు చూసి అత్తమ్మ చెప్పులు విప్పబోయింది, నిజంగా.

మామకి మాత్రం సెల్లార్ పట్టలేదు, తోటలోనే ఉండిపోయాడు. పందిరి లేదేంది, తీగెలు నడుము ఎత్తున ఇనుప వైర్ల మీద వరసల్లో ఉన్నయేంది అని ఒకటే ప్రశ్నలు. బరోలో రూల్ ప్రకారం హెక్టారుకి 8 టన్నులు దాటకూడదు, ఎకరానికి మూడు చిల్లర, ఎక్కువ కాస్తే ఎండాకాలంలోనే పచ్చి గుత్తులు కోసి కింద పడేస్తారు, మిగిలిన వాటికి రుచి ఎక్కాలని. అది చెప్పగానే ఆయన మొహం చూడాలి. "కాసిన కాయ కోసి పారేసుడా? మేం పది టన్నులకి తగ్గితే ఏడ్చేటోళ్లం." ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు, వరసల మధ్య అడుగులేసి కొలుచుకుంటూ తిరిగాడు.

టేస్టింగ్‌లో దొల్చెత్తో, బార్బెరా అనే వైన్లు దాటి చివర్లో బరోలో. నెబ్బియోలో ద్రాక్షతోనే చేస్తారు, కనీసం 38 నెలలు ఆగాలి, అందులో 18 చెక్క పీపాల్లో. రంగు చూస్తే పలచగా ఉంటుంది, ఇదేనా అనిపిస్తుంది, నోట్లో పెట్టాక మాత్రం నేరేడు పండు తిన్నట్టు నాలుక పట్టేస్తుంది. ఆ వగరు మెల్లగా విడిచాక గులాబీ వాసన వస్తుంది చూడండి, అబ్బ. నేను డ్రైవర్ కాబట్టి సగం బకెట్‌లోనే ఉమ్మాను, ఇక్కడ బండి నడిపేవాళ్లకి లిమిట్ లీటరు రక్తానికి 0.5 గ్రాముల ఆల్కహాలే.

బరోలో కోటలోని వైన్ మ్యూజియం టైముంటే చూడండి, లేకపోతే పర్లేదు. దానికంటే పొలాల మధ్య సోల్ లెవిట్, డేవిడ్ ట్రెమ్లెట్ అనే ఆర్టిస్టులు రంగులేసిన చిన్న చాపెల్ దగ్గర అరగంట కూర్చోవచ్చు, టికెట్ గొడవ లేదు. మా అబ్బాయికి మాత్రం న్యుటెల్లా కంపెనీ పుట్టింది ఆల్బాలోనే అని తెలిసిన దగ్గర్నుంచి ఇంకేదీ చెవికెక్కలేదు.

ఇండియాకి రెండు లీటర్లే డ్యూటీ ఫ్రీ కదా, మామ రెండు బాటిళ్లు కొనుక్కుని పంచెలో చుట్టి సూట్‌కేసు మధ్యలో పెట్టుకున్నాడు. ఆయన తాగడు మరి.